పెట్టె మీది అక్షరాలతో టోక్యో లోకల్ రైలును చదవడం ఎలా?

ముప్పై ఏళ్లు సికింద్రాబాద్‌లో రైలు పెట్టెలు మరమ్మతు చేసినవాణ్ణి. టోక్యోలో మా అమ్మాయి ఇంటికి వెళ్తే, వాళ్లంతా గుళ్లూ తోటలూ చూద్దామంటారు, నేను ప్లాట్‌ఫారం చివర నిలబడతాను. నాకు జపనీస్ రాదు. అయినా ఏ పెట్టె కింద మోటారు ఉందో, ఏది పాతదో చెప్పగలను. దానికి ఐదు అక్షరాలు చాలు.

జేఆర్ (జపాన్ రైల్వేస్) రైలు ఆగగానే పెట్టె పక్క గోడ కింది భాగం చూడండి. లోపలైతే పక్క పెట్టెలోకి వెళ్లే తలుపు పైన కనిపిస్తుంది. రెండు అక్షరాలు, ఆ తర్వాత అంకెలు. ముందు అక్షరం పెట్టె పనిని చెబుతుంది. ఏడు అంకెకు ఎడమవైపు చిన్న వాలు గీత చేరితే అది 'కు', అంటే డ్రైవరు గది ఉన్న పెట్టె. రెండు అడ్డగీతల్ని కోస్తూ దిగి, కింద గాలంలా కుడికి తిరిగితే 'మొ', అంటే మోటారు. ఒక అడ్డకర్రకు రెండు గుంజలు దిగవేసినట్టుంటే 'స'. దానికి మోటారూ లేదు, డ్రైవరూ లేడు, ఊరికే మధ్యలో లాగించుకుని పోతుంది.

రెండో అక్షరం తరగతి. మన 'అ ఆ ఇ ఈ' లాగా వాళ్ల పాత వరుస 'ఇ, రొ, హ'. ఒకప్పుడు అవే మొదటి, రెండో, మూడో తరగతులు. 1960లో మూడు తరగతులు రెండయినా ఆ అక్షరాలు మాత్రం పెట్టెల్ని వదల్లేదు. పైన కలవని రెండు వాలు గీతలు 'హ', అంటే మనలాంటి వాళ్ల పెట్టె. ఒట్టి చతురస్రం కనిపిస్తే అది 'రొ', అదనపు టికెట్టు కావలసిన గ్రీన్ పెట్టె. 2025 మార్చి నుంచి చువో లైను నారింజ గీత రైళ్లలోనూ ఇవి నడుస్తున్నాయి. టికెట్టు లేకపోతే ఎక్కకండి.

కునుకు తీయాలంటే 'సహ' ఎక్కండి. 'మొహ'లో రైలు కదిలేటప్పుడు కాళ్ల కింద రాగం లేస్తుంది. నేను మాత్రం దానికోసమే 'మొహ' ఎక్కుతాను.

ఇక అంకెలు. ముందు ఇంగ్లిష్ 'ఈ' ఉంటే, 1987లో జాతీయ రైల్వేను విడగొట్టాక ఏర్పడిన తూర్పు సంస్థ తయారుచేయించిందని గుర్తు. వందల స్థానంలో ఒకటి నుంచి మూడు వరకు ఉంటే డీసీ విద్యుత్తు. టోక్యోలో అది 1,500 వోల్టులే. మా వైపు తీగల్లో 25,000 వోల్టుల ఏసీ కదా, మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.

అంకెలు తెలిస్తే తరాలు వాటంతటవే విడిపోతాయి. 1963లో టోక్యో నడిబొడ్డును చుట్టివచ్చే యమనోతే లైను మీద మొదలైన 103 రకం పెట్టెలు మూడు వేల నాలుగు వందలకు పైగా తయారయ్యాయి. ఇనుప ఒళ్లు, లైనుకో రంగు. 1985లో 205 స్టెయిన్‌లెస్ స్టీలుతో వచ్చాక ఒంటి నిండా రంగు పోయి పట్టీ మిగిలింది. 1993లో వచ్చిన 209 నన్ను కలవరపెట్టింది. బరువు సగం, ధర సగం, ఆయుష్షు సగం అనేది దాని నియమం. మరమ్మతే బతుకైనవాడికి ఇది మింగుడుపడే మాటా? అయితే కేహిన్-తొహొకు లైను నుంచి తీసేసిన 209లలో చాలావాటిని బాగుచేసి చిబా వైపు బోసో లైన్లలో నడిపారు. ఆ సంగతి తెలిశాక కాస్త తేరుకున్నాను.

ఇదంతా ఒక్కచోట చూడాలంటే యమనోతే రైలు పదో పెట్టె దగ్గర నిలబడండి. పెట్టె వరుస సంఖ్య తలుపుల దగ్గరే ఉంటుంది. పదకొండు పెట్టెలూ 'E235' రకమే, 2015లో మొదలైంది. కానీ పదోదాని మీద 'సహ' తర్వాత చివర 4600 వరుస అంకె ఉంటే అది పాత తరం 'E231' నుంచి వచ్చిన పెట్టె. దాని వెనుక కథ ఇది. 1990 నుంచి ఈ లైనులో పక్కకు ఆరు తలుపులున్న పెట్టెలు నడిచేవి. ఉదయం రద్దీలో వాటి సీట్లు మడిచేసి అందరినీ నిలబెట్టేవారు. ప్లాట్‌ఫారం అంచున తలుపులు బిగించాలనుకున్నప్పుడు ఆరు తలుపులు వాటితో కుదరవు. అందుకే 2011 నాటికి వాటి స్థానంలో నాలుగు తలుపుల కొత్త పెట్టెలు చేర్చారు. పట్టుమని పదేళ్లు నిండని వాటిని పారేయలేక, మిగతా రైలు మారినా వీటిని సవరించి కొత్త రైళ్లలో కలిపేశారు.

తయారీ పలక మీద సంవత్సరం జపాన్ శకంలో ఉంటే, షోవా అయితే 1925, హేసేయ్ అయితే 1988, రేవా అయితే 2018 కలపండి. హేసేయ్ 22 అంటే 2010.

ఒక హెచ్చరిక. ఆ లెక్క వేస్తూ నేను ఉయెనోలో దిగడం మరచిపోయాను. యమనోతే వలయం కాబట్టి గంట తర్వాత రైలే నన్ను మళ్లీ అక్కడికి తెచ్చింది. అమ్మాయి అప్పటికి పదకొండు సార్లు ఫోను చేసింది.