యూకే నుంచి ఫ్రెండ్‌తో ప్యారిస్ వీకెండ్: షెంగెన్ వీసాకి ఎలా అప్లై చెయ్యాలి

లండన్ సెయింట్ పాంక్రస్‌లో శుక్రవారం సాయంత్రం యూరోస్టార్ రైలు ఎక్కితే రెండున్నర గంటల లోపే ప్యారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లో దిగొచ్చు, ఆదివారం రాత్రికి మళ్ళీ రూమ్‌కి వచ్చెయ్యొచ్చు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నోళ్ళకి అంతే పని. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న మనకి మాత్రం యూకే స్టూడెంట్ వీసా ఉన్నా వర్క్ వీసా ఉన్నా షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపుది) విడిగా తీసుకోవాల్సిందే, కొద్ది రోజుల ట్రిప్‌కిచ్చే దీన్ని టైప్ సి అంటారు. రెండు రోజులకి వెళ్ళినా నెల రోజులకి వెళ్ళినా ఫీజు ఒకటే, కాగితాలు కూడా దాదాపు అవే, అందుకే "వీకెండే కదా, వచ్చే వారం చూద్దాం" అంటే కుదరదు. కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

అన్నిటికంటే ముందు డేట్లు చూసుకోండి. మీ యూకే వీసా, మీరు షెంగెన్ నుంచి తిరిగొచ్చే రోజు తర్వాత ఇంకో మూడు నెలలైనా ఉండాలి. అంటే స్టూడెంట్ వీసా జనవరి 31కి అయిపోతుంటే నవంబర్ ట్రిప్‌కి అప్లై చెయ్యడం డబ్బులు దండగ, చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక పెట్టుకోండి. పాస్‌పోర్ట్‌కీ ఆ మూడు నెలల రూల్ ఉంది, పైగా అది గత పదేళ్ళలో ఇచ్చిందై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. యూకేకి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్దాం అనుకుంటే, వాళ్ళు మామూలుగా ఇండియాలోనే అప్లై చేసుకుని రావాలి.

ఏ దేశానికి అప్లై చెయ్యాలి అన్నది చాలామంది తప్పు చేసే చోటు. ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికి, రెండు చోట్లా సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. స్లాట్ దొరికింది కదా అని వేరే దేశం వీసా తీసుకుని వీకెండ్ మొత్తం ప్యారిస్‌లో తిరగొద్దు, బోర్డర్‌లో అడిగితే చెప్పడానికి ఏముండదు, తర్వాతి అప్లికేషన్‌కి కూడా అది తగులుకుంటుంది.

ఇక పని మొదలయ్యేది ఫ్రాన్స్-వీసాస్ అనే అఫీషియల్ వెబ్‌సైట్‌లో. అకౌంట్ ఓపెన్ చేసి ఫామ్ నింపితే మీ కేసుకి ఏయే కాగితాలు కావాలో లిస్ట్ అదే ఇస్తుంది, ఒక రిఫరెన్స్ నంబర్ కూడా వస్తుంది. ఆ నంబర్‌తో, ఫ్రాన్స్ తరఫున అప్లికేషన్లు తీసుకునే టీఎల్ఎస్‌కాంటాక్ట్ అనే కంపెనీ సైట్‌లోకెళ్ళి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, సెంటర్లు లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరాలో ఉన్నాయి. పేరు దగ్గర జాగ్రత్త, మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్‌లో ఉంటుంది, కొందరికి ఆ గడే ఖాళీ. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టండి. ట్రిప్‌కి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు. మామూలుగా నిర్ణయం 15 రోజుల్లో వస్తుంది, అనుమానం వస్తే 45 రోజుల దాకా లాగొచ్చు, ఎండాకాలం సెలవులకీ క్రిస్మస్‌కీ స్లాట్లే దొరకవు. స్లాట్ ఇప్పిస్తాం అని టెలిగ్రామ్‌లో డబ్బులడిగేవాళ్ళ జోలికి పోవద్దు.

ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు, సెంటర్ సర్వీస్ చార్జ్ దానిమీద అదనం. రిజెక్ట్ అయితే రూపాయి వెనక్కి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇద్దరూ కలిసి వెళ్తున్నా, కలిసి అపాయింట్‌మెంట్‌కి వెళ్ళినా, ఫైళ్ళు రెండు, నిర్ణయాలు కూడా రెండు. ఒకడికొచ్చి ఇంకొకడికి రాకపోవచ్చు. మా వాడి అకౌంట్‌లో డబ్బులున్నాయి, నాది కూడా వాడే చూసుకుంటాడు అంటే ఆఫీసర్‌కి అది లెక్కలోకి రాదు. హోటల్ బుకింగ్ ఒక్కడి పేరు మీద ఉంటే రెండోవాడి ఫైల్‌కి ఉండే చోటే లేనట్టు, అందుకని ఇద్దరి పేర్లూ పడేలా బుక్ చేసి ఆ కన్ఫర్మేషన్ ఇద్దరి ఫైళ్ళలోనూ పెట్టండి. డేట్లు, రైలు టైములు, ప్లాన్ రెండిట్లోనూ కలవాలి. ఒకడు ఆదివారం వస్తా అని ఇంకొకడు సోమవారం వస్తా అని రాస్తే కొర్రీ అక్కడే పడుతుంది. ప్లాన్ ఒక పేజీ చాలు, శనివారం ఐఫిల్ టవర్, సీన్ నది బోటు, ఆదివారం ఓర్సే మ్యూజియం (నెలలో మొదటి ఆదివారం అయితే టికెట్ ఉండదు, స్లాట్ మాత్రం ముందే బుక్ చేసుకోవాలి), సాయంత్రం రైలు. హోటల్ మాత్రం ఫ్రీగా క్యాన్సిల్ అయ్యేదే తీసుకోండి, నాలుగు పౌండ్లు ఎక్కువైనా పర్లేదు.

డబ్బు లెక్క ఇలా. హోటల్ బుకింగ్ ఉంటే ఫ్రాన్స్ రోజుకి 65 యూరోలు చూపించమంటుంది, హోటల్ చూపించకపోతే 120. వచ్చే రోజు, వెళ్ళే రోజు రెండూ లెక్కే, శుక్రవారం నుంచి ఆదివారం అంటే మూడు రోజులు, అంటే 195 యూరోలు. చూడ్డానికి చిన్న మొత్తమే, కానీ బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో వాళ్ళు చూసేది బ్యాలెన్స్ ఒక్కటే కాదు. మూడు నెలలూ వంద పౌండ్లు దాటని అకౌంట్‌లో అపాయింట్‌మెంట్ ముందు రోజు రెండు వేలు పడ్డాయంటే, అప్పు తెచ్చి చూపించారని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. పార్ట్‌టైమ్ జీతం నెలనెలా పడుతున్న అకౌంటే నయం. ఇంటి నుంచి డబ్బులొస్తే నాన్న పంపారని ఒక లెటర్, పంపిన రసీదు జతచెయ్యండి.

స్టూడెంట్స్ యూనివర్సిటీ నుంచి ఎన్‌రోల్‌మెంట్ లెటర్, జాబ్ చేసేవాళ్ళు మూడు నెలల పేస్లిప్పులు, సెలవు ఇచ్చామని కంపెనీ లెటర్ పెట్టాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్‌తో, షెంగెన్ మొత్తానికి పనికొచ్చేది. బీఆర్పీ కార్డులు (యూకేలో ఉండటానికి ఇచ్చే కార్డులు) పోయి ఇప్పుడంతా ఆన్‌లైన్ ఈవీసానే కాబట్టి, మీ వీసాని వేరేవాళ్ళు ఆన్‌లైన్‌లో చూసుకోడానికిచ్చే షేర్ కోడ్, స్టేటస్ పేజీ ప్రింట్ దగ్గరుంచుకోండి.

ఆ ఫ్రెండ్ ప్యారిస్‌లోనే ఉంటూ మీరు వాళ్ళింట్లో దిగుతుంటే కథ వేరు. హోటల్ బదులు వాళ్ళు తమ ఏరియా మెరీకి, అంటే మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి అటెస్టాసియన్ దక్కేయ్ అనే కాగితం తీసుకోవాలి, 30 యూరోల స్టాంప్, వాళ్ళ ఇంటి కాగితాలు, ఆదాయం రుజువులు కావాలి. అప్పుడు మీరు చూపించాల్సింది రోజుకి 32.50 యూరోలకి తగ్గుతుంది. ఒరిజినల్ మీకు పోస్ట్‌లో రావాలి కాబట్టి ఇంకొన్ని వారాలు కలుపుకోండి. ఒక్క వీకెండ్ కోసం ఇంత తిప్పించడం కంటే హోటలే మేలు అని నా అభిప్రాయం.

అపాయింట్‌మెంట్ రోజు వేలిముద్రలు, ఫొటో తీసుకుని పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు, ఆ టైమ్‌లో ఇండియా వెళ్ళే పని పెట్టుకోవద్దు. వేలిముద్రలు 59 నెలలు సిస్టమ్‌లో ఉంటాయి. పాస్‌పోర్ట్ తిరిగి రాగానే కవర్ చింపి పేరు, డేట్లు, ఎన్ని రోజులు, ఎన్ని ఎంట్రీలు అక్కడే చదువుకోండి. వీసా నెల రోజులు చెల్లుతున్నట్టు కనిపించినా కింద ఉండటానికి మూడు రోజులు అని ఉంటే మూడే.

ఫ్రెంచ్ పోలీసుల చెకింగ్ ప్యారిస్‌లో కాదు, సెయింట్ పాంక్రస్‌లోనే అయిపోతుంది. కాబట్టి హోటల్, రిటర్న్ టికెట్, ఇన్సూరెన్స్ ప్రింట్లు బ్యాగ్ అడుగున కాదు, చేతిలో ఉండాలి, ఎవరివి వాళ్ళ దగ్గర. వచ్చేటప్పుడు యూకే వాళ్ళ చెకింగ్ కూడా గార్ దు నోర్‌లోనే, మధ్యలో పాస్‌పోర్ట్ మార్చుకుని ఉంటే కొత్త నంబర్ మీ ఈవీసా ఉండే యూకేవీఐ (యూకే వీసాల శాఖ) అకౌంట్‌లో ముందే ఎక్కించి వెళ్ళండి.