పాత ఫైబర్ బోటుకు కొత్త ఔట్‌బోర్డ్ ఇంజను ఎలా ఎంచుకోవాలి?

బోటు వెనక బయట తగిలించే పాత ఔట్‌బోర్డ్ ఇంజను పని అయిపోయిందనగానే అందరూ ముందు అడిగేది ‘ఎన్ని హెచ్‌పీ వేద్దాం?’ అని. అది ఆఖరున తేల్చాల్సిన ప్రశ్న. బోటు వెనక పలక ఎంత బరువు మోస్తుంది, ఇంజను నుంచి నీటిలోని ఫ్యాను (ప్రొపెల్లర్) దాకా దిగే షాఫ్టు ఎంత పొడవుండాలి, ఏ ఇంధనం దొరుకుతుంది అన్నవి తేలితే హెచ్‌పీ దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఉప్పాడ, భీమిలి లాంటి తీరాల్లో ఇసుక మీదికి లాగే 28 అడుగుల ఫైబర్ బోటును లెక్కకు తీసుకుందాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. ఈ పనికి అంతకంటే మంచి సమయం ఉండదు.

1. ముందు వెనక పలక చూడండి

ఇంజను తగిలించే వెనక పలకనే ట్రాన్సమ్ అంటారు. పాత బోట్లలో ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగి అది లోలోపల కుళ్లుతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

చిన్న సుత్తితో అడుగడుగునా తట్టండి. గట్టి చోట ‘టక్’మని మోగుతుంది, కుళ్లిన చోట ‘బొద్దు’మంటుంది. అనుమానం ఉన్నచోట లోపలి వైపు నుంచి 6 మిల్లీమీటర్ల డ్రిల్లుతో, బయటి ఫైబరు దాకా పోకుండా, కొద్దిగా తొలవండి. పొడిగా, లేత రంగులో పొట్టు రాలితే మంచిదే. నల్లగా, తడిగా, ముద్దలా వస్తే చెక్క పోయినట్టే. అలాంటి పలకకు కొత్త ఇంజను బిగించకండి. లోపలి చెక్క మార్పించి, ఫైబర్ పొరలు వేయించాకే మిగతా ఖర్చు. చూసిన రంధ్రాన్ని ఎపాక్సీ జిగురుతో మూసేయడం మరవొద్దు.

2. షాఫ్టు పొడవు కొలవండి

పలక పైఅంచు మధ్య నుంచి బోటు అడుగు దాకా నిలువుగా కొలవండి. సుమారు 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్టు, 20 అయితే లాంగ్, 25 అయితే ఎక్స్‌ట్రా లాంగ్. ప్రొపెల్లరుకు కాస్త పైన ఉండే అడ్డ రేకు బోటు అడుగుకు సమంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ రావాలి. కెరటాలు దాటే బోటుకు ఆ అంగుళం కిందికే ఉండటం మేలు. షాఫ్టు పొట్టిదైతే అల మీద బోటు లేచినప్పుడు ప్రొపెల్లర్ గాలి మింగి, ఇంజను అరుస్తుందే తప్ప బోటు కదలదు. కెరటాలు విరిగే చోట అది ప్రాణాంతకం. మరీ పొడవైతే నీటి ఈడ్పు పెరుగుతుంది, ఒడ్డుకొచ్చేటప్పుడు ఇసుకకు తగులుతుంది.

3. బరువు లెక్క

9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజను (పెట్రోల్లో ఆయిలు కలిపి నడిపేది) సుమారు 40 కిలోల లోపు ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ దానికంటే బరువు. 40 హెచ్‌పీకి వెళ్తే టూ స్ట్రోక్ 70 కిలోలు దాటుతుంది, ఫోర్ స్ట్రోక్ 100 దగ్గరికి వస్తుంది. కొనబోయే మోడల్ బరువు డీలరు దగ్గర తెలుసుకుని, అంత తూకం ఇసుక బస్తాలను పలకకు ఆనించి పెట్టండి. వల, ఐసు, మనుషులను కూడా ఎక్కించి, అల లేని నీళ్లలో బోటు వెనక ఎంత దిగిందో గీత గీసుకోండి. నీరు బయటికి పోయే తూముల్లోంచి లోపలికి వస్తుంటే ఆ ఇంజను మీ బోటుది కాదు.

4. ఇప్పుడు హెచ్‌పీ

నీటిని చీల్చుకుంటూ పోయే బరువు బోటుకు ఒక వేగ పరిమితి ఉంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్లలో (సముద్రంలో వేగం కొలత) వస్తుంది. 25 అడుగులైతే 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ వేగానికి టన్నుకు 3, 4 హెచ్‌పీ చాలు. వల, ఐసు, చేపతో కలిపి 3 టన్నులనుకుంటే 9 నుంచి 12 హెచ్‌పీ. కెరటాలు దాటడానికి, ఎదురుగాలికి కాస్త చేర్చితే 15.

అదే బోటుకు 40 వేస్తే? వెనక కూరుకుపోయి ముక్కు పైకి లేస్తుంది, పెట్రోలు తాగుతుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు. నీటి మీద లేచి జారాలంటే 25 కిలోలకు ఒక హెచ్‌పీ దాకా కావాలి. నిండు బోటుకు ఆ లెక్కన 120 హెచ్‌పీ అవుతుంది. పక్కవాడు పెద్దది వేశాడని వేయడం వల్ల లాభపడేది బంకు యజమానే.

5. టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా, కిరోసినా?

పూర్తి యాక్సిలరేటరులో 10 హెచ్‌పీ టూ స్ట్రోక్ గంటకు సుమారు 4.5 నుంచి 5 లీటర్లు తాగుతుంది, పైగా ఆయిలు. ఫోర్ స్ట్రోక్ మూడు, మూడున్నర లీటర్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు ఐదు గంటలు నడిపేవారికి ఈ తేడా చాలా ఎక్కువ. కానీ టూ స్ట్రోక్ తేలిక, ఒడ్డునే విప్పి బాగుచేయొచ్చు, ఎటు పడుకోబెట్టినా ఫర్వాలేదు. ఫోర్ స్ట్రోక్‌ను తప్పు వైపు పడుకోబెడితే ఆయిలు సిలిండర్లోకి దిగుతుంది. రోజూ ఇంజను విప్పి ఇంటికి మోసుకెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కిరోసిన్ రకానికి పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి, ఆపేముందు మళ్లీ పెట్రోలుకు రావాలి. ఈ చివరిది బద్ధకిస్తే లోపల కిరోసిన్ మిగిలి, మర్నాడు స్టార్ట్ కాక తాడు లాగి లాగి భుజం పోతుంది. కిరోసిన్ నమ్మకంగా దొరకని ఊళ్లో ఈ రకం వద్దు. ఎక్కువ దూరం, నెమ్మదిగా పోయే వేటైతే పొడవాటి కడ్డీ చివర ప్రొపెల్లర్ ఉండే లాంగ్ టెయిల్ డీజిల్ ఇంజను కూడా బేరీజు వేసుకోండి. ఖర్చు తక్కువే, కానీ మామూలు రకాల్లో రివర్స్ ఉండదు.

ఇంకో సంగతి: బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ఎక్కువ. చాలా ఔట్‌బోర్డ్ మాన్యువళ్లు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. మీ మోడల్‌కు ఎంత చెల్లుతుందో, దానివల్ల వారంటీ పోతుందో లేదో డీలరుతో రాయించుకోండి. పాత రబ్బరు గొట్టాలు మార్చేసి, నీరు వేరుచేసే ఫిల్టరు పెట్టించండి.

6. ప్రొపెల్లర్

మంచి ఇంజను కొని తప్పు ఫ్యాను వేసుకునేవాళ్లే ఎక్కువ. దాని మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, అంటే ఒక్క చుట్టుకు ఫ్యాను ముందుకు పోయే దూరం. రెండూ అంగుళాల్లో. బరువు బోటుకు పిచ్ తక్కువ, వ్యాసం ఎక్కువ ఉండాలి. అందుకే కొన్ని కంపెనీలు ఫ్యాను నెమ్మదిగా, బలంగా తిరిగేలా గేరు నిష్పత్తి పెంచిన ‘హై థ్రస్ట్’ రకాలు తెస్తాయి. అది దొరికితే తీసుకోండి.

నిండు బరువుతో, ఫుల్ యాక్సిలరేటరులో ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) చూడండి. మాన్యువల్లో 5000 నుంచి 6000 అని ఉండి మీటరు 4600 చూపిస్తే ఇంజను ఈడ్చుకుంటోంది. అలాగే నడిపితే కార్బన్ పేరుకుని పిస్టన్ దెబ్బతింటుంది. పిచ్ ఒక అంగుళం తగ్గితే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది కాబట్టి, ఇక్కడ రెండు, మూడు అంగుళాలు తగ్గించాలి. 6000 దాటిపోతుంటే పిచ్ పెంచాలి.

7. బిగింపు, మొదటి గంటలు

చిన్న ఇంజన్లకు బిగింపు మరలు చాలు, కానీ తప్పకుండా గొలుసో తాడో వేసి పలకకు కట్టండి. మరలు వదులైతే ఇంజను సముద్రం పాలు. పెద్దవాటికి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ బోల్టులు, లోపల వెడల్పు వాషర్లు, ప్రతి రంధ్రానికి మెరైన్ సీలెంటు వాడాలి. మనిషి పడిపోతే ఇంజనును ఆపేసే కిల్ స్విచ్ తాడు నడిపేవారి ఒంటికే ఉండాలి.

కొత్త టూ స్ట్రోక్‌కు మొదటి 10 గంటలు సాధారణంగా లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టీసీ-డబ్ల్యూ3 (పడవల టూ స్ట్రోక్ ఇంజన్ల రకం) ఆయిలు, ఆ తర్వాత 20. మోడల్‌ను బట్టి మారొచ్చు, మాన్యువల్‌దే ఆఖరి మాట. బైకు టూటీ ఆయిలు పనికిరాదు. వేట నుంచి రాగానే పది నిమిషాలు మంచినీళ్లు తిప్పండి. ఇంజను తుప్పు పట్టకుండా దాని బదులు తాను కరిగే జింక్ అనోడ్ సగం కరగగానే మార్చండి, దాని మీద రంగు వేయకండి. 20 గంటలకు గేరు ఆయిలు తీసి చూడండి. పాలలా తెల్లగా ఉంటే కింది సీలు నీరు లాగుతున్నట్టే.

పాత ఇంజను నంబరే రిజిస్ట్రేషన్‌లో ఉండిపోకుండా, బిల్లుతో మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి కొత్త నంబరు, హెచ్‌పీ రాయించుకోండి. ఈ పని బోటు మళ్లీ నీళ్లలోకి దిగకముందే పూర్తి చేసుకోవాలి.