కొండెక్కేటప్పుడు తడబడే కాంబీ: సోలెక్స్ సెట్టింగ్

నా కాంబీ వ్యాన్‌ది ఫోక్స్‌వ్యాగన్ 1600 ఇంజిన్, సోలెక్స్ 34 పిక్ట్-3 కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కు పంపే భాగం). తిరుమల ఘాట్‌లో మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం దమ్ము పోయి, తర్వాత లాగేది. అందరూ మెయిన్ జెట్‌నే (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్క) అనుమానిస్తారు. నేను దాని జోలికే పోలేదు.

ముందు గాలి లీకు. చల్లటి ఇంజిన్ అప్పుడే స్టార్ట్ చేసి మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజిన్‌కు వెళ్ళే గొట్టం) రబ్బరు బూట్ల మీద కార్బ్ క్లీనర్ చుక్క కొడితే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మారింది, అంటే లీకు అక్కడే. ఒక బూటు చీలింది, రెండూ మార్చాను. సైలెన్సర్ కాలుతున్నప్పుడు ఈ పని వద్దు, మంటలు లేస్తాయి.

ఇక సెట్టింగ్. ఇంజిన్ బాగా వేడెక్కి, చోక్ (చల్లటి ఇంజిన్‌కు గాలి తగ్గించే రేకు) పూర్తిగా తెరుచుకున్నాకే. చోక్ క్యామ్ (మెట్ల అంచున్న ముక్క) దగ్గరి స్క్రూ దానికి తగిలీతగలగానే పావు చుట్టు బిగించి వదిలేయాలి. దాంతో ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) పెంచితే త్రాటిల్ ప్లేటు (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే రేకు) తెరుచుకుపోయి ఐడిల్ సర్క్యూట్ లెక్కే తప్పుతుంది. చాలా షెడ్లలో జరిగేది ఇదే. ఐడిల్ మిశ్రమాన్ని సర్దే చిన్న వాల్యూమ్ స్క్రూ మెల్లగా మూసి రెండున్నర చుట్లు వెనక్కి. ఐడిల్ వేగాన్ని సర్దే పెద్ద బైపాస్ స్క్రూతో 850 ఆర్‌పీఎం. మళ్ళీ వాల్యూమ్ స్క్రూతో వేగం గరిష్ఠానికి తెచ్చి, 20-30 ఆర్‌పీఎం తగ్గేదాకా దాన్నే లోపలికి. బైపాస్‌తో తిరిగి 850.

మిగిలిన కాస్త తడబాటు గట్టిపడిన పంపు డయాఫ్రం (యాక్సిలరేటర్ తొక్కగానే అదనంగా పెట్రోలు చిమ్మే పంపులోని పొర) మార్చి, ఐడిల్ జెట్ 55 తీసి 60 వేశాక పోయింది.