రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ ఒత్తిడి చేసినప్పుడు కాంట్రాక్టర్ ఏం చేయాలి

కాంట్రాక్టు పనిలో క్లయింట్‌కూ మీకూ మధ్య ఏజెన్సీ ఉన్నప్పుడు డబ్బూ సమాచారమూ రెండూ దాని చేతుల మీదుగానే నడుస్తాయి. మీ పనికి క్లయింట్ ఎంత కడుతున్నదో మీకు తెలియదు, మీరు ఎంత అడిగారో క్లయింట్‌కు తెలియదు. ఏజెన్సీ చేసే ఒత్తిడి చాలావరకు ఈ తెలియకపోవడం మీదే ఆధారపడుతుంది కాబట్టి, అది మెయిల్‌లో కంటే ఫోన్‌లోనే ఎక్కువగా జరుగుతుంది. "సాయంత్రంలోగా చెప్పకపోతే వేరేవారికి వెళ్లిపోతుంది" అన్నప్పుడు ఫోన్‌లో దేనికీ ఒప్పుకోకండి. మాట ముగిసిన వెంటనే రేటు, కాలవ్యవధి, పని చేయవలసిన చోటు, చెల్లింపు గడువు మీకు అర్థమైనట్టుగా రాసి మెయిల్ పంపి, తప్పుంటే సరిదిద్దమని కోరండి. జవాబు రాకపోయినా తేదీతో సహా ఆ మెయిల్ మీ దగ్గర ఉంటుంది.

రెజ్యూమే అడిగే దశలోనే కొంత జాగ్రత్త అవసరం. పని వివరాలు చెప్పకముందే రెఫరెన్సుల పేరిట మీ పాత మేనేజర్ల పేర్లు, నంబర్లు అడిగే రిక్రూటర్, చాలాసార్లు మనుషులను తీసుకునే అధికారం ఉన్నవారి జాబితా కోసమే అడుగుతుంటాడు. ఇంకెక్కడ ఇంటర్వ్యూలకు వెళ్తున్నారన్న ప్రశ్న ఉద్దేశమూ సాధారణంగా అదే. మీరు చెప్పిన చోటికి తన దగ్గరున్న మరొకరిని పంపే అవకాశం అతనికి దొరుకుతుంది. ఇంటర్వ్యూ ఖరారయ్యాక రెఫరెన్సులు ఇస్తానని చెబితే సరిపోతుంది. రెజ్యూమే పంపడానికి అనుమతిని ఒక్కో పనికీ విడిగా, క్లయింట్ పేరూ రేటూ పేర్కొంటూ మెయిల్‌లోనే ఇవ్వండి. ఒకే మనిషి రెజ్యూమే రెండు ఏజెన్సీల నుంచి వస్తే, రుసుము ఎవరికి చెందుతుందన్న తగాదా ఎందుకని దాన్ని పక్కన పెట్టే క్లయింట్లు ఉంటారు. అడగకుండా పంపినట్టు తెలిస్తే, మీ అనుమతి ఏ ఏజెన్సీకి ఉందో రెండింటికీ రాసి తెలియజేయండి.

రిజిస్ట్రేషన్ అనో శిక్షణ అనో మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడితో ఆగడం మంచిది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒప్పందంలోని 7వ అధికరణం ప్రకారం, ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు కార్మికుల నుంచి నేరుగా గానీ పరోక్షంగా గానీ రుసుములు వసూలు చేయకూడదు. కొన్ని మినహాయింపులకు వీలుంది, ఆ ఒప్పందాన్ని ఆమోదించని దేశాలూ ఉన్నాయి. కాబట్టి మీ దేశపు చట్టం ఏం చెబుతుందో కూడా చూసుకోండి.

అసలైన ఒత్తిడి ఎంపికయ్యాక మొదలవుతుంది. "క్లయింట్ బడ్జెట్ తగ్గింది, కాస్త తగ్గించుకోండి" అన్న ఫోన్ సరిగ్గా ఆ సమయానికే వస్తుంది. కానీ క్లయింట్ మిమ్మల్ని ఎంచుకుని, మీరు ఇంకా సంతకం పెట్టని ఆ కొద్ది రోజుల్లోనే మీ బలం అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే మీరు కాదంటే ఏజెన్సీ మరొకరిని వెతకాలి, ఈలోగా ఆ స్థానం ఇంకో ఏజెన్సీకి పోవచ్చు. ముందు మెయిల్‌లో ఖరారైన రేటుకే వస్తాననీ, తగ్గించింది క్లయింటే అయితే ఆ మాట రాసి పంపమనీ కోరండి. ఏజెన్సీ తన మార్జిన్, అంటే తాను ఉంచుకునే వాటా, ఎంత శాతమో చెబితే, అది దేని మీద లెక్కించిన శాతమో అడగండి. క్లయింట్ 100 కట్టి మీకు 80 అందితే, క్లయింట్ కట్టినదానిలో ఏజెన్సీ వాటా 20 శాతం. మీకు ఇచ్చినదాని మీద లెక్కిస్తే అదే మొత్తం 25 శాతం. ఎంత తొందరపెట్టినా, రెండు పక్షాల సంతకాలున్న ఒప్పందం చేతికి రాకముందు ఇప్పుడున్న పనికి రాజీనామా ఇవ్వకండి.

ఒప్పందంలో మూడు షరతులను పట్టి పట్టి చదవాలి. మొదటిది, క్లయింట్ కట్టాకే మీకు కడతామనేది. దీనితో క్లయింట్ ఎగవేత భారం మీ మీద పడుతుంది. బ్రిటన్‌లో 2003 నాటి ఏజెన్సీల నియమావళి, క్లయింట్ కట్టలేదన్న కారణంతో డబ్బు ఆపడాన్ని నిషేధిస్తుంది. అయితే సొంత కంపెనీ ద్వారా పనిచేసేవారు ఆ రక్షణను వదులుకునే వీలుంది కాబట్టే, వారి ముందుకు అలా వదులుకునే పత్రం సంతకానికి వస్తుంటుంది. రెండవది నోటీసు: మీరు నాలుగు వారాలు ఇవ్వాలి, వారు ఒక్క రోజులో తీసేయవచ్చు అని ఉంటే, ఇద్దరికీ సమానం చేయమని అడగండి. మూడవది, ఆ క్లయింట్‌తో నేరుగా పనిచేయకూడదన్న నిషేధం. దాన్ని మీరు పనిచేసిన విభాగానికీ కొద్ది నెలలకూ పరిమితం చేయించుకోండి.

డబ్బు ఆలస్యమైతే కోపంతో రాయకండి. ముందు మీ టైమ్‌షీట్‌ను, అంటే పనిచేసిన గంటల లెక్కను, ఏ తేదీన ఆమోదించారని క్లయింట్ మేనేజర్‌ను మామూలుగా అడిగి తెలుసుకోండి. ఆమోదం అయిపోయి ఉంటే ఏజెన్సీ చెప్పే సాకుల్లో సగం అక్కడే తేలిపోతాయి. తర్వాత ఇన్‌వాయిస్ సంఖ్య, మొత్తం, కట్టవలసిన తేదీ పేర్కొంటూ ఏజెన్సీ అకౌంట్స్ విభాగానికి నేరుగా రాసి, చివరి గడువు ఇవ్వండి. రిక్రూటర్‌కు రాస్తే అది అక్కడే ఆగిపోవచ్చు. పని ఆపేస్తాననే ముందు, అలా ఆపే హక్కు ఒప్పందంలో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే తప్పు మీ వైపుకు మారుతుంది.

ఇక ఎక్కడా పని దొరకకుండా చేస్తాననీ, కోర్టుకు లాగుతాననీ బెదిరిస్తే, ఏ షరతును ఉల్లంఘించానో, దానివల్ల ఎంత నష్టం కలిగిందో రాసి పంపమని అడగండి. నోటితో బెదిరించేవారిలో చాలామంది దాన్ని కాగితం మీద పెట్టడానికి ఇష్టపడరు. నిజంగానే నోటీసు గడువు పాటించకుండా వెళ్లి ఉంటే మాత్రం దాన్ని ఉత్త బెదిరింపుగా తీసుకోకుండా న్యాయవాదిని సంప్రదించండి.

మానేయాలని నిర్ణయించుకుంటే, నోటీసు పంపడానికి ముందే ఏజెన్సీ పోర్టల్‌లోని మీ టైమ్‌షీట్లు, ఆమోదాలు, చెల్లింపు రసీదులు డౌన్‌లోడ్ చేసుకోండి. నోటీసు అందిన రోజే మీ లాగిన్‌ను నిలిపివేయవచ్చు, చివరి నెల ఇన్‌వాయిస్‌కు మాత్రం ఆ కాగితాలే ఆధారం.