పాత ఫొటోలు జనానికి చూపించే ముందు: వరుస రాసుకోకుండా విడదీయకండి

పోయిన నెల ఒక గ్రంథాలయం వాళ్లు రమ్మంటే వెళ్లాను. ఒక కుటుంబం ఇచ్చిన నాలుగు పెట్టెల ఫొటోలను ప్రదర్శనకు సిద్ధం చేయమని కుర్రాళ్లకు అప్పజెప్పారట. రెండే రోజుల్లో ముచ్చటగా సర్దేశారు. పెళ్లిళ్లన్నీ ఒక కుప్ప, సభలన్నీ ఒక కుప్ప, పిల్లలంతా ఒక కుప్ప. ఖాళీ అయిన కవర్లు చెత్తలోకి. బల్ల కింద ఒక్క కవరు మిగిలింది. దాని మీద నీలి సిరాతో "చిన్నక్క పెళ్లి, 14" అని ఉంది. కుప్పలో మూడొందల పెళ్లి ఫొటోలున్నాయి. ఏ పద్నాలుగు? ఇప్పుడిక ఎవరూ చెప్పలేరు.

చెదలు, వాన, నిప్పు గురించి అందరికీ తెలుసు. వాటికంటే ఎక్కువ సేకరణలను పాడుచేయగా నేను చూసింది ఈ సర్దుడే. వచ్చిన వరుస రాసుకోకముందే విడదీయడం.

పేరు లేని ఫొటోకి పక్క ఫొటోనే సాక్షి. అదే చీర, అదే స్టూడియో తెర, పక్కదాని వెనక తేదీ: ఇంతే మనకు దొరికే ఆధారం. పక్కది పోతే అదీ పోయినట్టే. ఎవరి సేకరణ వారి పేరు మీదే, వారు ఉంచిన క్రమంలోనే ఉండాలన్నది ఆర్కైవ్ (పాత పత్రాలు, ఫొటోలు భద్రపరిచే) పనిలో మొదటి సూత్రం. విషయాలవారీగా కావాలంటే జాబితాలో చేసుకోండి. జాబితాలో ఒకే ఫొటో పెళ్లి కిందా, వంతెన కిందా, వరద కిందా ఉండొచ్చు. కాగితం ఒక పెట్టెలోనే ఉండగలదు.

ముందు చేయాల్సింది

పెట్టె మూత తీయగానే, ఏదీ కదపకముందే సెల్‌ఫోన్‌తో పైనుంచి ఒక ఫొటో తీయండి. తర్వాత పైనుంచి కిందికి నంబర్లు: పెట్టె, కవరు, ఫొటో. 02-07-14 అంటే రెండో పెట్టె, ఏడో కవరు, పద్నాలుగో ఫొటో. ఫొటోను గట్టి బల్ల మీద బోర్లించి, వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ గీత ముందువైపు ఉబ్బుతుంది, సిరా పక్క ఫొటోకి అంటుతుంది. ప్లాస్టిక్ పూత వల్ల పెన్సిల్ పడకపోతే కవరు మీద రాయండి.

నెగటివ్‌లు

పాత నైట్రేట్ ఫిల్ముతో, అంటే ఇట్టే అంటుకునే సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసిన ఫిల్ముతో, ఆటలొద్దు. కొడాక్ దాన్ని 1951 దాకా తయారు చేసింది. అంటుకుంటే బయటి గాలి అందకపోయినా మండుతుంది, నీళ్లకు ఆరదు. 1978లో ఒక్క అమెరికాలోనే రెండు పెద్ద ప్రమాదాలు: మేలో రాచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ అనే ఫొటోగ్రఫీ మ్యూజియంలో, డిసెంబరులో సూట్‌లాండ్‌లోని జాతీయ ఆర్కైవ్స్ గోదాముల్లో. అంచున "సేఫ్టీ" అని లేని నెగటివ్ జిగురుగా, పసుపుగా మారితే ఆపేసి తెలిసినవాళ్లను పిలవండి. అగ్గిపుల్ల గీసి పరీక్షించే మొనగాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను గదిలోకి రానివ్వకండి. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ ఫిల్ము (నైట్రేట్‌కు బదులుగా వచ్చిన "సేఫ్టీ" రకం), చెడిపోతోంది. ఆ ఆమ్లం ఆవిరి పక్కవాటినీ తినేస్తుంది కాబట్టి వేరు చేయాల్సిందే. అయితే అది ఉన్న చోట నంబరు రాసిన చీటీ పెట్టాకే తీయండి. ఇక్కడా వరుసే!

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- జిగురు పేజీల ఆల్బమ్ నుంచి ఫొటో పీకొద్దు. పేజీ పేజీగా ఫొటో తీయండి.
- గాజు నెగటివ్‌లు పడుకోబెట్టి పేర్చొద్దు. కింది పలక పగులుతుంది. పొడవాటి అంచు మీద నిలబెట్టండి.
- రబ్బరు బ్యాండు, క్లిప్పు, సెలోటేపు, లామినేషన్: ఏదీ వద్దు.
- పీవీసీ కవర్లు వద్దు. పాలిస్టర్‌వి, లేదా ఆమ్లం లేని కాగితంవి వాడండి.
- గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది. తేమ చూసే మీటరు పెట్టుకోండి.
- వెనకవైపు కూడా స్కాన్ చేయండి. అసలు స్కాన్‌ను కత్తిరించొద్దు, మెరుగులు దిద్దొద్దు. జనానికి వేరే నకలు.
- ఫైలు పేరు అదే నంబరు. "పెళ్లి-కొత్త-ఫైనల్" కాదు.
- ఫొటో ఇచ్చినవాళ్లకు దాని కాపీరైటు ఉండకపోవచ్చు. కాగితం మీద అనుమతి లేనిది బయట పెట్టొద్దు.
- చూడ్డానికి వచ్చినవాళ్లకు ఒకసారి ఒక్క కవరే ఇవ్వండి. రెండిస్తే కలిసిపోతాయి.
- నంబరు వేయకుండా ఒక్క ఫొటో కూడా కదపొద్దు. మంత్రిగారొస్తున్నా, రేపే ప్రదర్శన అయినా.
- చిరిగినా, ఖాళీ అయినా కవరు పారేయొద్దు. దానికీ నంబరు వేయండి.
- పని అయ్యేదాకా చెత్తబుట్టను ఆ గదిలో ఉంచొద్దు.