క్లౌడ్‌లో కోర్ నెట్‌వర్క్ – 5వ పాఠం: పాడ్ లేచింది, ఫోన్ లేవలేదు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. ఓపెన్‌5జీఎస్ అంటే ల్యాప్‌టాప్‌లో నడుపుకోగల 5జీ కోర్, టవర్ల వెనకుండే నెట్‌వర్క్ బుర్ర. దాంట్లో ఫోన్లను నమోదు చేసుకునే భాగం ఏఎంఎఫ్. ఆ ఏఎంఎఫ్ పాడ్‌ను (ప్రోగ్రామ్ నడిచే కంటైనర్ పొట్లాన్ని) డిలీట్ చేసి, పాడ్‌లను నడిపించే కుబర్నెటిస్ దాన్ని ఎన్ని సెకన్లలో తిరిగి లేపుతుందో చూడమన్నాను. రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం – ఎక్కడి నుంచి మెసేజ్ వచ్చినా మాట ఒకటే: "పాడ్ వచ్చింది సార్, ఫోన్ రాలేదు." ఫోన్‌లా, టవర్‌లా నటించే సిమ్యులేటర్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే గానీ రిజిస్ట్రేషన్ కాలేదట. ఇద్దరు ముగ్గురు టెన్షన్ పడి మొత్తం తీసేసి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్నారు. మీరు చేసినదాంట్లో తప్పేమీ లేదు. అలా జరగడమే సహజం. ఎందుకు సహజమో చెప్పకుండా పని ఇవ్వడం నా పొరపాటు. అందుకే ఈ వారం అనుకున్న ఎస్‌ఎంఎఫ్ (ఫోన్ డేటా సెషన్లను చూసే భాగం) పాఠాన్ని వెనక్కి జరిపాను.

పాత పెట్టె ఎలా పని చేసేదో ఒకసారి గుర్తు చేసుకుందాం. 4జీలో ఇదే పని చేసే ఎంఎంఈ పెట్టెలో కార్డులు జంటగా ఉండేవి. ఒకటి పని చేస్తుంటే రెండోది పక్కనే ఉండి, ఏ ఫోన్ ఏ ప్రాంతంలో ఉంది, దాని సెక్యూరిటీ కీలు ఏమిటి అన్నవన్నీ ఎప్పటికప్పుడు తన మెమరీలోకి ఎక్కించుకునేది. మొదటిది పోతే రెండోది అందుకునేది. ఫోన్‌కు ఆ సంగతే తెలిసేది కాదు. ఇప్పుడు ఆ పనిని కంటైనర్‌లోకి తెచ్చాం. పెట్టెతోపాటు జంట కార్డూ పోయింది. కుబర్నెటిస్ కొత్త పాడ్‌ను ఇస్తుంది గానీ పాత పాడ్ మెమరీని ఇవ్వదు. కొత్త ఏఎంఎఫ్‌కు మీ ఫోన్ ఎవరో తెలియదు.

పర్లాకిమిడిలో మా వీధి చివర ఒక కిరాణా కొట్టు ఉంది. చాలాకాలం ఆ కొట్టాయన అరువులన్నీ నోటి లెక్కలోనే పెట్టుకునేవాడు. ఆయన భోజనానికి వెళ్లి కొడుకు కూర్చుంటే, "నాన్న వచ్చాక రండి" అనడం తప్ప ఆ అబ్బాయి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. గల్లా పక్కన ఖాతా పుస్తకం వచ్చాక ఎవరు కూర్చున్నా కొట్టు నడుస్తోంది. స్టేట్‌లెస్ అంటే ఇదే. లెక్క లేకపోవడం కాదు, లెక్క మనిషి బుర్రలో కాకుండా పుస్తకంలో ఉండడం. 2018లో ఖరారైన 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) రిలీజ్ 15లోనే ఇందుకోసం యూడీఎస్‌ఎఫ్ అనే నిల్వ చోటు ఉంది. ఒకే సెట్‌లోని ఏఎంఎఫ్‌లు ఆ వివరాలను పంచుకుంటే, ఒకటి పోయినప్పుడు ఇంకొకటి అందుకోగలదు. మీ ల్యాప్‌టాప్‌లోని ఏఎంఎఫ్ అవన్నీ తన మెమరీలోనే పెట్టుకుంది.

పుస్తకంలో రాయలేనిది ఒకటుంది: టవర్‌కూ ఏఎంఎఫ్‌కూ మధ్య ఎస్‌సీటీపీ అనే పద్ధతిలో నడిచే కనెక్షన్, పోర్ట్ 38412. పాడ్ చస్తే అది తెగుతుంది. అందుకని ఆ కనెక్షన్‌ను పట్టుకుని కూర్చునే చిన్న పాడ్‌ను ఏఎంఎఫ్‌కు ముందు వేరుగా పెట్టడం నాకు ఇష్టం. దాంట్లో కోడ్ తక్కువ, మార్పులూ తక్కువ. వెనకున్న ఏఎంఎఫ్‌ను వారానికి రెండుసార్లు మార్చినా టవర్‌కు తెలియనక్కర్లేదు.

ఇంకో మాట. నౌపడ–గుణుపురం చిన్న రైలును 2004లో ఆపేశారు. 2011లో గానీ బ్రాడ్‌గేజ్ రైలు గుణుపురం చేరలేదు. ఆ ఏడేళ్లూ మనం బస్సుల్లో తిరిగాం. టెలికాంలో ఏడు నిమిషాలు కూడా ఇవ్వరు. రైలు నడుస్తుండగానే పక్కన కొత్త పట్టా వేయాలి. 4జీలో పాత ఎంఎంఈనీ కొత్తదాన్నీ ఒకే పూల్‌లో (జట్టులో) పెట్టి, పాతదాని కెపాసిటీ వెయిట్‌ను (కొత్తగా వచ్చే ఫోన్లలో దాని వాటాను) తగ్గిస్తూ సున్నాకు తెస్తారు. సున్నా చేసినంత మాత్రాన పాతదాంట్లో ఉన్న ఫోన్లు కదలవు, కొత్తవి రావడం ఆగుతుంది, అంతే. ఉన్నవాటిని కొద్దికొద్దిగా పంపాలి. నేనైతే ఒక రాత్రికి ఒకే మార్పు చేస్తాను. అదీ ముందు కాగితం మీద రాసుకున్నాకే.

ఇప్పుడు అసలు విషయం. ఇదెంత చెప్పినా నాకు తృప్తి ఉండదు.

ఫోన్ రాలేదని గుణుపురం తమ్ముడొకరు యూడీఆర్ (చందాదారుల వివరాలు అందించే భాగం) పాడ్‌కు లైవ్‌నెస్ ప్రోబ్ తగిలించారు. పాడ్ బతికి ఉందో లేదో కుబర్నెటిస్ చేసే పరీక్ష అది. ఆ ప్రోబ్ మాంగోడీబీ డేటాబేస్‌ను పలకరించి వస్తుంది. డేటాబేస్ పలికితే పాడ్ బాగున్నట్టు, పలకకపోతే చచ్చినట్టు. చూడ్డానికి ఎంతో జాగ్రత్తగా ఉంది కదా? ఈ జాగ్రత్తే నెట్‌వర్క్‌ను కూలుస్తుంది. మీరేమీ మార్చకపోతే ప్రోబ్ 10 సెకన్లకోసారి అడుగుతుంది, 1 సెకను ఆగుతుంది, వరుసగా 3 సార్లు జవాబు రాకపోతే కంటైనర్‌ను చంపి మళ్లీ లేపుతుంది. అంటే డేటాబేస్ అర నిమిషం నెమ్మదిస్తే చాలు, ఏ తప్పూ చేయని యూడీఆర్ చస్తుంది. మూడు యూడీఆర్‌లు ఉంటే మూడూ ఒకేసారి చస్తాయి, మూడూ అడిగేది ఆ ఒక్క డేటాబేస్‌నే కాబట్టి. ఈలోగా ఫోన్లు ఊరుకోవు. రిజిస్ట్రేషన్ కాకపోతే మళ్లీ అడుగుతాయి. లేచిన యూడీఆర్‌లు ఆ గుంపునంతా మళ్లీ డేటాబేస్ మీదికి తోస్తాయి. అది ఇంకా నెమ్మదిస్తుంది. ప్రోబ్ మళ్లీ చంపుతుంది. పక్కింటాయనకు జ్వరం వస్తే మీకు సెలైన్ ఎక్కిస్తారా? ఈ ప్రోబ్ చేసేది అదే.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తర్వాత గజపతి జిల్లాలో ఉన్నవాళ్లకు ఇది అనుభవమే. టవర్‌కు కరెంటు వచ్చింది, ఫోన్‌లో నాలుగు గీతలూ కనిపించాయి. అమ్మకు ఫోన్ చేద్దామని మేడ మీదికెక్కి నొక్కుతూనే ఉన్నాను, కలవలేదు. ఊరి ఫోన్లన్నీ ఒక్కసారిగా తలుపు తట్టాయి. గీతలు టవర్ ఉందని మాత్రమే చెబుతాయి. వెనకున్న కోర్ మిమ్మల్ని గుర్తుపట్టిందో లేదో చెప్పవు.

దీని పెద్ద రూపం జపాన్‌లో చూశాం. 2022 జూలై 2 తెల్లవారుజామున కేడీడీఐ కంపెనీ ఒక రూటర్‌ను మారుస్తుండగా దారి తప్పుగా సెట్ అయింది. వాయిస్ ట్రాఫిక్ ఆగింది పావుగంట సేపే. మార్పును వెనక్కి తీశారు కూడా. కానీ ఆ పావుగంటలో తెగిన వోల్టీఈ ఫోన్లు ఒక్కసారిగా రిజిస్ట్రేషన్‌కు ఎగబడ్డాయి. చందాదారుల డేటాబేస్‌లో లెక్కలు పొంతన తప్పాయి. ఇబ్బంది 60 గంటలు దాటింది, కంపెనీ మొదటి అంచనా ప్రకారం దాదాపు 3.9 కోట్ల లైన్ల దాకా దాని దెబ్బ తగిలింది. అక్కడి కారణం ప్రోబ్ కాదు. కానీ పావుగంట కోతను రెండున్నర రోజులు చేసింది ఈ గుంపు తోపులాటే.

కాబట్టి లైవ్‌నెస్ ప్రోబ్ ఒక్కటే అడగాలి: నేను బిగుసుకుపోయానా? అది పాడ్ లోపలి సంగతి. డేటాబేస్, ఎన్‌ఆర్‌ఎఫ్ (కోర్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే జాబితా), పక్క పాడ్ – వేటినీ అందులోకి రానివ్వకండి. "ఇప్పుడు నాకు పని ఇవ్వవచ్చా?" అన్నది రెడీనెస్ ప్రోబ్ ప్రశ్న. అది ఫెయిలైతే పాడ్‌ను చంపరు, సర్వీస్ జాబితా నుంచి పక్కన పెడతారు. లేవడానికి ఎక్కువ సేపు పట్టే పాడ్‌కు స్టార్టప్ ప్రోబ్ పెట్టండి. అయితే 5జీ కోర్‌లో పాడ్‌లు ఒకదాన్నొకటి వెతుక్కునేది ఎన్‌ఆర్‌ఎఫ్ ద్వారా. కుబర్నెటిస్ పక్కన పెట్టినా ఎన్‌ఆర్‌ఎఫ్ జాబితాలో పేరు ఉంటే పని వస్తూనే ఉంటుంది. పాడ్ దిగిపోయే ముందు అక్కడ కూడా పేరు తీయించుకోవాలి. దిగిపోవడానికి మామూలుగా దొరికే గడువు 30 సెకన్లు.

ఈసారి అభ్యాసం బరువుగానే ఉంటుంది, రెండు సాయంత్రాలు పట్టవచ్చు. యూఈరాన్‌సిమ్ సిమ్యులేటర్‌లో 100 ఫోన్లను లేపండి, కమాండ్‌లో ఎన్ (-n) ఆప్షన్ ఉంది. వందమంది చందాదారులను ముందే డేటాబేస్‌లో ఎక్కించుకోండి. తర్వాత గుణుపురం తమ్ముడి ప్రోబ్‌నే పెట్టి, మాంగోడీబీ పాడ్‌కు సీపీయూ లిమిట్ బాగా తగ్గించండి. యూడీఆర్ ఎన్నిసార్లు రీస్టార్ట్ అయిందో, పది నిమిషాల తర్వాత వందలో ఎన్ని ఫోన్లు రిజిస్టర్ అయి ఉన్నాయో రాసుకోండి. ప్రోబ్‌ను సరిచేసి అదే లిమిట్‌తో మళ్లీ చేయండి. నాకు స్క్రీన్‌షాట్లు వద్దు. ఆ నాలుగు అంకెలూ, రెండో సాయంత్రం మీరు మార్చిన వైఏఎంఎల్ (సెట్టింగ్స్ ఫైల్) వరుసలూ పంపండి. ఎస్‌ఎంఎఫ్ పాఠం వాటి మీదే మొదలవుతుంది.