రిపీటర్‌లో కక్కుర్తి పడకూడని చోట్లు, పడినా ఫర్వాలేని చోట్లు

హామ్ రేడియోలో రిపీటర్ అంటే బలహీనమైన సిగ్నల్‌ని విని, దాన్నే మరో ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పంపే స్టేషన్. 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండులో అది ఒకే యాంటెన్నా మీద వింటూనే పంపుతుంది, ఆ రెండు ఫ్రీక్వెన్సీల మధ్య ఎడం 600 కిలోహెర్ట్జే. పక్కన 25 వాట్లు వెళ్తుండగా రిసీవర్ పావు మైక్రోవోల్టు సిగ్నల్‌ని పట్టుకోవాలి. రెంటికీ తేడా 160 డెసిబెల్స్ పైమాటే. కాబట్టి యాంటెన్నా నుంచి రేడియో దాకా ఉన్న దారిలోనే డబ్బు పెట్టాలి.

ముందు డ్యూప్లెక్సర్, అంటే పంపే సిగ్నల్ రిసీవర్‌లోకి రాకుండా రెంటినీ విడదీసే ఫిల్టర్. ఆరు చిన్న నాచ్ కావిటీలతో (ఒక ఫ్రీక్వెన్సీని అడ్డగించే లోహపు గదులతో) చవగ్గా దొరికే మొబైల్ డ్యూప్లెక్సర్లు దాదాపు 5 మెగాహెర్ట్జ్ ఎడానికి చేసినవి. ఎంత ట్యూన్ చేసినా 600 కిలోహెర్ట్జ్‌కి పనికిరావు. పెద్ద కావిటీలు నాలుగో ఆరో ఉన్నదే కావాలి, ఒక్కో వైపు 80–90 డెసిబెల్స్ ఐసొలేషన్ (అడ్డగింపు) ఇవ్వాలి. సెకండ్‌హ్యాండ్‌ది నిస్సంకోచంగా కొనొచ్చు. పైన రంగు పోయినా ఫర్వాలేదు గానీ ట్యూనింగ్ రాడ్ బిగుసుకుపోయి ఉంటే వదిలేయండి. నానోవీఎన్ఏతో (ఫిల్టర్ల తీరు కొలిచే చిన్న పరికరంతో) ట్యూన్ చేసేవాళ్లు కావిటీలను విడివిడిగా చూసుకోవాలి, అన్నీ కలిపితే వచ్చే లోతైన నాచ్ దానికి కనిపించదు.

కేబుల్ విషయానికొస్తే, 30 మీటర్ల ఆర్‌జీ-213లో సుమారు 2.7 డెసిబెల్స్ పోతాయి: 25 వాట్లు పంపితే పైకి చేరేది 13. అర అంగుళం హార్డ్‌లైన్‌లో (గట్టి లోహపు తొడుగున్న కేబుల్‌లో) 20 చేరతాయి. ఎల్ఎంఆర్-400 కేబుల్‌లో నష్టం తక్కువేనని చాలామంది మోజుపడతారు. కానీ అందులో అల్యూమినియం రేకు, టిన్ పూసిన రాగి అల్లిక ఒకదానికొకటి రాసుకుంటాయి. మామూలు స్టేషన్‌కి అది బాగానే ఉంటుంది, రిపీటర్‌లో మాత్రం గాలికి కేబుల్ ఊగినప్పుడల్లా రిసీవర్‌లో గరగర మొదలవుతుంది. డ్యూప్లెక్సర్ జంపర్లకు (దాన్ని సెట్లకు కలిపే పొట్టి కేబుళ్లకు) ఆర్‌జీ-214 గానీ ఆర్‌జీ-400 గానీ వాడి, ఎన్ కనెక్టర్లు నేరుగా వేయండి. నికెల్ పూత అడాప్టర్లు గొలుసుగా తగిలించొద్దు.

కంట్రోలర్ (రిపీటర్‌ని నడిపే బోర్డు), ఫ్యాను, పెట్టె చవకవే చాలు. రేడియోలుగా పాత కమర్షియల్ మొబైల్ సెట్లు రెండు సరిపోతాయి. 50 వాట్ల సెట్‌ని 20–25కి తగ్గించి, హీట్‌సింక్ మీద ఫ్యాను పెట్టాలి. ఫుల్ పవర్‌లో గంటల తరబడి మాట్లాడిస్తే ఫైనల్స్ (చివరి పవర్ ట్రాన్సిస్టర్లు) పోతాయి.

గరగర వస్తే ముందు యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (పవర్‌ని వేడిగా మార్చేసే నకిలీ యాంటెన్నా) పెట్టండి. కప్లర్ (లైన్‌లోకి కొద్దిపాటి సిగ్నల్ పంపే భాగం) ద్వారా బలహీనమైన సిగ్నల్ ఇస్తూ ట్రాన్స్‌మిటర్ ఆన్, ఆఫ్ చేయండి. ఆన్‌లో రొద పెరిగితే తప్పు డ్యూప్లెక్సర్‌లోనో, జంపర్లలోనో, సెట్లలోనో ఉంది. డమ్మీ లోడ్ మీద శుభ్రంగా ఉండి, యాంటెన్నా కలిపితేనే రొద వస్తే ఫీడర్ (యాంటెన్నాకి వెళ్లే కేబుల్) కనెక్టర్లు, యాంటెన్నా కీళ్లు, టవర్ మీద తుప్పు పట్టిన క్లాంపులు చూడాలి.